నెలకు 28 వేల అద్దె, 62 వేల కిస్తీ

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: గృహరుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన బ్యాంకు మేనేజరు, ఒక ఆర్థిక సలహాదారు, పద్నాలుగేళ్లుగా అద్దె ఇళ్లలో ఉంటున్న ఒక ఉపాధ్యాయిని)

వ్యాఖ్యాత: నమస్కారం. అద్దె కట్టడం దండగ అని ప్రతి ఇంట్లోనూ అంటారు. ఆ మాటను ఈ రోజు కాగితం మీద పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు కోటి రూపాయల ఫ్లాటు ఒకటి ఉందనుకుందాం. రెండు పడకగదులు, అద్దెకు తీసుకుంటే నెలకు 28 వేలు. మేనేజరు గారూ, దాన్ని కొనాలంటే చేతిలో ఎంత ఉండాలి?

మేనేజరు: చాలామంది లెక్క తప్పేది ఇక్కడేనండి. రుణం 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి మన ఫ్లాటుకు 75 లక్షలు వస్తాయి, 25 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం. దానికి అప్పు పుట్టదు. అంటే 32 లక్షల 50 వేలు సొంతంగా పెట్టుకోవాలి. చెక్కపని, గృహప్రవేశం భోజనాలు నేను కలపలేదు.

సలహాదారు: ఇంకా కడుతున్న భవనమైతే జీఎస్టీ 5 శాతం కూడా కలపండి.

వ్యాఖ్యాత: కిస్తీ ఎంత పడుతుంది?

మేనేజరు: 8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే నెలకు 62,733 రూపాయలు.

సలహాదారు: ఆ అంకెను విడదీసి చూద్దాం. మొదటి నెల కట్టే 62,733లో వడ్డీయే 50 వేలు. ఐదేళ్లు క్రమం తప్పకుండా కడితే 37 లక్షల 64 వేలు చెల్లించినట్టు. అందులో అసలు తగ్గేది ఎంత? 9 లక్షల 36 వేలు. మిగిలిన 28 లక్షల పైచిలుకు వడ్డీ కింద పోయింది. అదే ఐదేళ్లు ఆ ఫ్లాటులోనే అద్దెకు ఉండి, అద్దె ఏటా 5 శాతం పెరిగినా మొత్తం పంతొమ్మిది లక్షలు దాటదు. అద్దె దండగైతే ఈ వడ్డీని ఏమనాలి?

మేనేజరు: మేడమ్, మీరు ఇంటి ధర పెరుగుదలను పక్కన పెట్టేశారు.

సలహాదారు: పెట్టలేదు, ఇప్పుడు తెస్తున్నాను. మీరు పెట్టే 32 లక్షల 50 వేలను ఆరున్నర శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే నెలకు 17,600 వస్తుంది. సగానికి పైగా అద్దె దానితోనే తీరుతుంది. కిస్తీకీ అద్దెకూ ఉన్న తేడాను కూడా అలాగే దాచారనుకోండి. ఐదేళ్లకు ఈ రెండు దారులూ సమానం కావాలంటే ఇంటి ధర ఏటా సుమారు 6 శాతం పెరగాలి. 3 శాతమే పెరిగితే అద్దెదారు ముందుంటాడు. 9 శాతం పెరిగితే మీ మాటే నెగ్గుతుంది.

మేనేజరు: మీ లెక్కంతా ‘దాచారనుకోండి’ అన్న ఒక్క మాట మీద నిలబడింది. ఆ తేడా నెలకు 34,700. కొత్త కారు, పెళ్లిళ్లు, తిరుపతి ప్రయాణం, అబ్బాయి ఫోను... ఇవన్నీ దాటుకుని ఆ డబ్బు నెలనెలా దాచే కుటుంబాలను మీరు ఎన్ని చూశారు?

సలహాదారు: (నవ్వుతూ) తక్కువే.

మేనేజరు: కిస్తీ అలా కాదు. జీతం పడిన రోజే పోతుంది, మనకు ఆలోచించే వీలుండదు. నా సర్వీసులో లక్షలు సంపాదించి ఏమీ మిగలని వాళ్లను చూశాను. చిన్న జీతంతో కిస్తీ కట్టుకుంటూ ఇరవయ్యో ఏట ఇంటి కాగితాలు తీసుకెళ్లిన వాళ్లనూ చూశాను. ఆ రోజు వాళ్ల ముఖం చూడాలి.

సలహాదారు: ఒప్పుకుంటాను. దాచే అలవాటు లేనివారికి కిస్తీయే దారి. కానీ ఆ ఇరవై ఏళ్లు అన్నారే, అవి ఇరవైగానే ఉంటాయా? గృహరుణాల వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటు వెంట నడుస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఆ రేటు 4 శాతం, 2023 ఫిబ్రవరికి ఆరున్నర. ఏడాది కూడా తిరగలేదు.

మేనేజరు: అది నిజమే. చాలాచోట్ల కిస్తీ పెంచకుండా గడువు పెంచుకుంటూ పోయారు. ఇరవై ఏళ్ల అప్పు ముప్పైకి చేరిందని చాలామందికి తెలియను కూడా తెలియదు. గడువు పెంచాలా, కిస్తీ పెంచాలా అన్నది ఖాతాదారును అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. మారే వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందుగా కడితే జరిమానా లేదు. బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో వేయండి.

వ్యాఖ్యాత: పన్ను మినహాయింపు కోసమే కొంటున్నామనే వారున్నారు.

సలహాదారు: కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి రుణంపై వడ్డీకి మినహాయింపు లేదు, ఇంటి అద్దె భత్యానికీ లేదు. ఆ కారణం తీసేయండి.

వ్యాఖ్యాత: మేడమ్, మీరు ఇప్పటిదాకా వింటూనే ఉన్నారు.

ఉపాధ్యాయిని: ఇద్దరి లెక్కలూ బాగున్నాయండి. వాటిలో నా బీరువా లేదు. పద్నాలుగేళ్లలో ఐదిళ్లు మారాం. మూడుసార్లు ఇంటి యజమాని చెప్పింది ఒకటే: ‘మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు.’ ఒకసారి, మేము ఖాళీ చేసిన పది రోజులకు అటు వెళితే గేటుకు టులెట్ బోర్డు కనిపించింది. ఫోను చేసి అడిగించాం, అద్దె మూడు వేలు పెంచారు. అబ్బాయి వచ్చాడో లేదో మరి.

మేనేజరు: అయ్యో.

ఉపాధ్యాయిని: మారిన ప్రతిసారీ లారీ, బ్రోకరుకు ఒక నెల అద్దె, ఆధార్‌లో చిరునామా, గ్యాసు, స్కూలు బస్సు రూటు. మా పాప పదో తరగతిలో ఉండగా మారాం. ఆ ఏడాది ఎలా గడిచిందో మేడమ్ గారి ఐదు శాతంలో కనిపించదు. గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి అడగాలి. అన్నీ పదకొండు నెలల అగ్రిమెంట్లే.

సలహాదారు: రిజిస్ట్రేషన్ బెడద ఉండకూడదని పదకొండు దగ్గర ఆపేస్తారు. మీరు మూడేళ్లకు రాయించి రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఖర్చు ఉంటుంది, కానీ ఒకసారి లారీ మాట్లాడే ఖర్చుతో పోల్చి చూడండి.

ఉపాధ్యాయిని: అడిగాను. ‘అంత నమ్మకం లేకపోతే వేరే ఇల్లు చూసుకోండి’ అన్నారు.

వ్యాఖ్యాత: మరి కొనాలని అనుకోలేదా?

ఉపాధ్యాయిని: ఒక ఫ్లాటు కొనే దాకా వెళ్లాం. బ్యాంకు లోను ఇస్తామంది, అంటే కాగితాలు సరిగా ఉన్నట్టే అనుకున్నాం. తర్వాత మా తమ్ముడు పటం తీసి చూస్తే స్థలంలో కొంత చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దులో ఉంది. వెనక్కి వచ్చేశాం.

మేనేజరు: మంచి పని చేశారమ్మా. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చేసిన కూల్చివేతలు చూశాక అందరికీ చెరువులు గుర్తొచ్చాయి. బ్యాంకు తన అప్పు భద్రం కోసం కాగితాలు చూస్తుంది. మీ కోసం మీరే ఒక లాయరును పెట్టుకోవాలి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద తాకట్టులు, లావాదేవీలు చూపే పత్రం), రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూడాలి. చెరువు పటం తప్పకుండా చూడాలి.

వ్యాఖ్యాత: సలహాదారు గారూ, ఈవిడకు మీరేం చెబుతారు?

సలహాదారు: ఇదే ఊళ్లో, ఇదే ఉద్యోగంలో పదేళ్లు ఉంటారు, పిల్లల చదువు ఇక్కడే. కిస్తీ ఇంటి ఆదాయంలో మూడో వంతు దాటకపోతే కొనుక్కోమంటాను. అదే రెండేళ్లకోసారి ఊరు మారే పాతికేళ్ల కుర్రాడికైతే ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్‌కు పోసి కొనొద్దంటాను. ఐదేళ్లలో అమ్మితే ఆ డబ్బే వెనక్కి రాకపోవచ్చు.

వ్యాఖ్యాత: చివరగా మేనేజరు గారూ, మీరు సొంతింట్లోనే ఉంటున్నారా?

మేనేజరు: ఇల్లుందండి. కానీ నేను ఇప్పుడు బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడిది అద్దె ఇల్లే. ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చాను.

ఉపాధ్యాయిని: మీ అద్దెదారుకు ఎన్నేళ్లకు రాసిచ్చారు, సార్?

మేనేజరు: (కాసేపు ఆగి) పదకొండు నెలలకేనమ్మా.