ఫ్లాస్కుకీ పొలానికీ మధ్య

[తెరపై: పెకలించిన సోయా మొక్క. వేరు బుడిపెను బ్లేడుతో కోస్తున్న చెయ్యి.]

లోపల గులాబీ రంగు కనిపిస్తోందా? బుడిపెలోని రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందన్నమాట. తెల్లగా ఉంటే బుడిపె ఉండీ లేనట్టే.

డచ్ శాస్త్రవేత్త బైజరింక్ ఈ బ్యాక్టీరియాను వేరుచేసింది 1888లో. జర్మన్ శాస్త్రవేత్తలు నాబ్బె, హిల్ట్‌నర్ దీని కల్చర్‌కు, అంటే పెంచిన బ్యాక్టీరియాకు, పేటెంటు తీసుకున్నది 1896లో. ఇంత పాత విద్య కూడా చాలాచోట్ల రైతు చేతికొచ్చేసరికి పనిచెయ్యదు. ల్యాబులో మంచి బ్యాక్టీరియా రకం ఉంటుంది, పొలానికి అవసరం ఉంటుంది, దాన్ని పెద్ద ఎత్తున పెంచి చెడకుండా పొలానికి చేర్చే నడిమి మెట్టే ఉండదు. ఒక ప్రాంతంలో ఆహార, వ్యవసాయ బయోటెక్ రంగం నిలబడాలంటే జన్యు ప్రయోగశాల కన్నా ముందు కట్టాల్సింది ఆ మెట్టునే.

[తెరపై: నాలుగు పాత్రలు, చిన్నదాని నుంచి పెద్దదాకా.]

కల్చర్‌ను మెట్టుమెట్టుగా పెంచాలి: 300 మిల్లీలీటర్లు, 3 లీటర్లు, 30, 300. ప్రతిసారీ పదింతలు. 3 నుంచి నేరుగా 300కు దూకారో, రైజోబియం కుదురుకునేలోపు ఇంకో సూక్ష్మజీవి ట్యాంకును ఆక్రమిస్తుంది. సోయాకు వాడే రకమైతే మరీ నెమ్మది.

పోషక ద్రవంలో లీటరుకు మానిటాల్ అనే చక్కెరలాంటి పదార్థం 10 గ్రాములు, కొద్దిగా ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, లవణాలు, పీహెచ్ 6.8. 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు శుద్ధి చెయ్యాలి. గడియారం చూడాల్సింది ట్యాంకు నడిమి ద్రవం 121కి చేరాక, ఆవిరి వదిలినప్పుడు కాదు. ఆపైన 28–30 డిగ్రీలు, 0.2 మైక్రాన్ ఫిల్టరు గుండా గాలి. బ్యాచ్‌లు చెడేది ఎక్కువగా ఇక్కడే: ఫిల్టరు తడుస్తుంది, లేదా వాల్వు గాస్కెట్టు సందులోకి ఆవిరి చేరదు.

పాత్ర మార్చే ముందు ప్రతిసారీ గ్రామ్ స్టెయిన్ చెయ్యండి, అంటే చుక్క కల్చర్‌కు రంగులద్ది మైక్రోస్కోపులో చూడండి. గులాబీ కడ్డీలే కనబడాలి. ఊదా కడ్డీలు కనబడితే బాసిల్లస్ అనే పరాయి బ్యాక్టీరియా చేరినట్టే. బాగుపడుతుందేమోనని చూడొద్దు, ఆ బ్యాచ్‌ను మళ్లీ ఆవిరికి పెట్టి పారబొయ్యండి.

[తెరపై: నల్లటి లిగ్నైట్ బొగ్గు పొడిలో కల్చర్ కలుపుతున్నారు.]

లిగ్నైట్ పుల్లగా ఉంటుంది కాబట్టి సున్నపురాయి పొడితో సరిచేసి, శుద్ధి చేశాకే రెండు పాళ్ల పొడికి ఒక పాలు కల్చర్ కలపాలి. 300 లీటర్లకు 900 కిలోలు. 200 గ్రాముల ప్యాకెట్లు 4,500.

ఇప్పుడు ఒక్క ప్యాకెట్ లెక్క. గ్రాముకు 10 కోట్ల జీవకణాలుంటే ప్యాకెట్‌లో 2,000 కోట్లు. ఒక ప్యాకెట్ పట్టించే 10 కిలోల సోయాలో గింజలు సుమారు 80 వేలు. గింజకు రెండున్నర లక్షలు. సోయా గింజకు కనీసం లక్ష కావాలి. అదే ప్యాకెట్ ఎండ తగిలే అరలో పడుండి గ్రాముకు 10 లక్షలకు పడిపోతే, గింజకు మిగిలేది 2,500. తేదీ దాటకపోయినా సరుకు చచ్చినట్టే. అందుకే గోదాము, రవాణా చల్లగా ఉండటం కల్చర్ పెంచే ట్యాంకు (ఫెర్మెంటరు) అంత ముఖ్యం.

ఇంకో చిక్కు: విత్తనం వేసేది కొద్ది వారాలే. మిగతా ఏడాదంతా ట్యాంకు ఖాళీ. చాలా యూనిట్లు మూతపడేది సాంకేతిక లోపంతో కాదు, ఈ ఖాళీతోనే. పెరుగు, చీజ్ తోడు కల్చర్లకు పని ఉంటుంది గానీ, వాటికి ట్యాంకు, పైపులు, గది అన్నీ వేరుగా ఉండాలి. ఉమ్మడిగా వాడుకోగలిగేవి బాయిలరు, చల్లటి నీరు, పరీక్షశాల. ట్రైకోడెర్మా అనే బూజుకైతే షెడ్డే వేరు. దాని బీజాలు గాల్లో తేలి అన్నింట్లో పడతాయి.

[తెరపై: పెట్రీ ప్లేటు. తెల్లటి జిగురు చుక్కల మధ్య ఒక ఎర్ర చుక్క.]

కాంగో రెడ్ అనే రంగు కలిపిన ప్లేటు ఇది. రైజోబియం ఈ రంగును దాదాపు పీల్చుకోదు. ఎర్ర చుక్క పరాయిదని అనుమానించాలి. నెలనెలా ఇలా లెక్కపెట్టండి. నమూనా మాత్రం మీ ఫ్రిజ్‌లోంచి తియ్యొద్దు, దుకాణం అరలోంచి తెప్పించండి.