ఐదో నిమిషం

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పొగడ్తలు వద్దు, నాకిచ్చిన టైము తక్కువ.

"ఫిట్స్ వచ్చినా మెదడు దెబ్బతినకుండా మందు ఎప్పుడొస్తుంది సార్?" అని ఇందాక బయట ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న.

1973లో బ్రయాన్ మెల్డ్రమ్ అనే శాస్త్రవేత్త బృందం బబూన్ కోతుల మీద ఒక ప్రయోగం చేసింది. కండరాలు కదలకుండా మందిచ్చి, కృత్రిమ శ్వాస పెట్టి, మెదడులో ఫిట్స్‌ను గంటల తరబడి నడవనిచ్చారు. ఒళ్లు కొట్టుకోలేదు, ఊపిరికి లోటు లేదు. అయినా హిప్పోక్యాంపస్‌లో, అంటే జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగంలో, కణాలు చచ్చాయి. అంటే మెదడులోని ఆ అలజడే వాటిని చంపుతోంది. మెదడు కణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ అనే రసాయనం అతిగా విడుదలవుతుంది, కాల్షియం కణంలోకి తోసుకొస్తుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. కొన్ని కణాలు వెంటనే పోతాయి. కొన్ని మాత్రం ఫిట్స్ ఆగాక, గంటలకో రోజులకో, కణాన్ని లోపలినుంచే చంపే కాస్పేజ్ ఎంజైములు పనిచేయడం మొదలుపెట్టాక పోతాయి. శాస్త్రవేత్తల ఆశంతా ఈ ఆలస్యం మీదే. కాస్పేజ్‌లను అడ్డుకుంటే ఎలుకల్లో కొన్ని కణాలు బతికాయి. కానీ ఆ దారి మూసేస్తే కణం నెక్రాప్టోసిస్ అనే మరో దారిలో చావగలదు. బతికిన కణం మునుపటిలా పనిచేస్తుందన్న హామీ కూడా లేదు. మనుషులకు వాడే మందు ఇంకా రాలేదు. ఇక నెక్రాప్టోసిస్ సంగతి...

సరే, అది పక్కన పెడతాను. ఓ పెళ్లిలో నా కళ్లముందే ఒక పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి. జనమంతా తాళాల గుత్తి కోసం పరుగులు! ఒకరు ఉల్లిపాయ కోస్తున్నారు, ఇంకొకరు చెప్పు వాసన చూపిస్తున్నారు, చదువుకున్నాయనే నోట్లో స్పూను పెట్టబోయాడు. వాచీ చూసినవాడు ఒక్కడు లేడు. తాళాలండీ, తాళాలు! ఈ కాలంలో కూడా!

ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్ దానంతటది ఆగే అవకాశం బాగా తగ్గిపోతుంది. ముప్ఫై దాటితే నేను చెప్పిన ఆ కణాల చావు భయం ఉంటుంది. ల్యాబ్‌లో మందు కోసం ఎదురుచూసే మనం ఈ నిమిషాలను తాళాలకు ఇచ్చేస్తున్నాం.

ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ అనే మందు స్ప్రే ఇంట్లో ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. ఇంతేనా? మిగిలినవాళ్లు వచ్చే చెకప్‌లో మీ డాక్టరును అడగండి. ఎంత మోతాదు, ఎప్పుడు కొట్టాలి అన్నది ఆయనే రాసిస్తారు. స్కూల్లో టీచరుకూ ఒకటి ఇచ్చి, వాడే పద్ధతి చూపించండి. పిల్లాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలైతే 108కి ఫోన్ చేయాలి అని ఓ కాగితం మీద రాసి ఆవిడ టేబుల్ మీద అంటించి రండి.