సెకండ్ హ్యాండ్ ఏసీ కంప్రెసర్ రివ్యూ: నల్గొండ ఎండకు నిలబడిందా?

నమస్తే అందరికీ. టేబుల్ మీద రెండు కంప్రెసర్లు ఉన్నాయి, చూడండి. జిడ్డు పట్టి నల్లగా ఉన్నది మా బావ కారులోంచి తీసింది. పక్కది హైదరాబాద్ ఆటోనగర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ మాల్. ఈ విజువల్స్ మార్చిలో, బిగించక ముందు తీసినవి. ఆ తర్వాత ఏప్రిల్, మే రెండు నెలలూ బండి తిప్పాం. ఇప్పుడు నేను చెప్పేది అదంతా అయ్యాక చెప్తున్న మాట.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తా. కొనొచ్చు. కాకపోతే షాపుకి పోయే ముందు మీ పాత కంప్రెసర్ ఎందుకు పోయిందో మీకు తెలిసి ఉండాలి. అది తెలియకుండా ఎంత మంచి మాల్ తెచ్చి పెట్టినా, పాతదానికి పట్టిన గతే దీనికీ పడుతుంది.

మన దగ్గర ఏసీ చల్లగా రాకపోతే చాలు, "పంప్ వీక్ అయిందన్నా, మార్చాలి" అంటారు. పంప్ అంటే ఈ కంప్రెసరే. ఆ మాట విని వెంటనే పర్సు తీయకండి. లోపల ఏం పోయింది అని అడగండి. పుల్లీ బేరింగ్ ఒక్కటే అరుస్తుంటే బేరింగ్ మారిస్తే సరిపోతుంది. పుల్లీని పంప్‌కి కలిపే ఏసీ క్లచ్‌లో కాయిల్ కాలితే, ఆ కాయిల్ విడిగా దొరుకుతుంది. గ్యాస్ లీకై తగ్గిపోయినా కంప్రెసర్ ఆన్ కాదు, ఎందుకంటే ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. ఇవేవీ కంప్రెసర్ మార్చాల్సిన రోగాలు కావు.

అసలు రోగం బాడీ జామ్ కావడం. లోపల పిస్టన్లు అరిగి, అల్యూమినియం పొడి రాలి, ఆ పొడి ఆయిల్‌తో కలిసి పైపుల్లోకి, గ్యాస్ వేడిని దించే కండెన్సర్‌లోకి పోతుంది. ఇప్పటి కార్ల కండెన్సర్ గొట్టాలు చాలా సన్నవి, ఒక్కో గొట్టంలో మళ్లీ సూది సందుల్లాంటి దారులుంటాయి. అందులో ఇరుక్కున్న పొడి ఫ్లష్ కొడితే పూర్తిగా రాదు. మీరు కొత్త కంప్రెసర్ పెట్టినా, పాతది పెట్టినా, ఆ పొడి తిరిగి తిరిగి దాంట్లోకే వస్తుంది. కాబట్టి మీది జామ్ అయిన కేసైతే లెక్కలో కంప్రెసర్‌తో పాటు కండెన్సర్, తేమ పీల్చే డ్రయ్యర్, గ్యాస్‌ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా రాసుకోండి. అంత ఖర్చు పెడుతూ కంప్రెసర్ దగ్గర పొదుపు చేయడం నాకైతే సబబు అనిపించదు. అప్పుడు కొత్తదే వేయించండి.

బావ కారు సంగతి వేరు. ఇక్కడ చూడండి, క్లచ్ వెనకాల ఆయిల్ తడి. బేరింగ్ పోయినా అట్లాగే తిప్పారు, ఆ వేడికి కాయిల్ కాలింది, షాఫ్ట్ సీల్ దగ్గర గ్యాస్ కారిపోయింది. విడివిడిగా బాగు చేయించే దశ దాటింది. కానీ లోపలి ఆయిల్ వంచి చూస్తే పొడి లేదు, మెరుపు లేదు, రంగు మాత్రం కాస్త ముదిరింది. అంటే మిగతా లైన్ శుభ్రంగానే ఉంది. సెకండ్ హ్యాండ్‌కి వెళ్లొచ్చు అని అప్పుడే అనుకున్నాం.

బేరింగ్ మీద అంత బరువు ఎందుకు పడిందంటే, దానికి కారణం మన రోడ్లలోనే ఉంది. ఆయన రోజూ మిర్యాలగూడ, నల్గొండ మధ్య తిరుగుతాడు. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. గాలిలో ఊక, దుమ్ము. పత్తి సీజన్‌లో లారీల నుంచి ఎగిరే దూది అదనం. ఇదంతా బండి ముందు గ్రిల్ లోంచి దూరి కండెన్సర్ మీద దుప్పటిలా పేరుకుంటుంది. కండెన్సర్‌కి గాలి తగలకపోతే గ్యాస్ వేడి దిగదు, ప్రెషర్ పెరుగుతుంది, ఆ బరువంతా కంప్రెసర్ మోయాలి. బంపర్ విప్పినప్పుడు లోపల నుంచి గుప్పెడు ఊక రాలింది. వాటర్ సర్వీస్ చేయించేటప్పుడు అక్కడ కూడా కొట్టమనండి, కానీ ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి. రెక్కలు వంగితే గాలి పోయే దారి మళ్లీ మూసుకుపోతుంది.

ఇక కొనడం. నల్గొండ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ హైవే ఎక్కితే ఎడమకి హైదరాబాద్ ఆటోనగర్, కుడికి విజయవాడ ఆటోనగర్. హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, విజయవాడ ఇంకా దూరం. మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల మీదుగా హైదరాబాద్ పోవడమే తేలిక. టౌన్‌లో ఉన్న షాపు వాళ్లు కూడా తెప్పించి ఇస్తారు, కాకపోతే మధ్యలో కొంత కలుపుకుంటారు. అది తప్పేం కాదు, తేడా వస్తే పోయి అడగడానికి మనిషి దగ్గర్లో ఉంటాడు. నా మాట వింటే కొరియర్‌లో మాత్రం తెప్పించకండి. చేత్తో తిప్పి చూడకుండా కొనే వస్తువు కాదిది.

ధర చెప్తా. కొత్తది 15 వేల పైన చెప్పారు. రీకండిషన్, అంటే పాతదాన్నే విప్పి బాగు చేసింది, 8 వేలు. ఇది 5,500 చెప్పి 4,800కి ఇచ్చారు. ఇవి బావ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కి, మాకు చెప్పిన రేట్లు. మీ బండికి వేరే ఉంటాయి.

రీకండిషన్ ఎందుకు తీసుకోలేదంటే, దానికి వెండి రంగు స్ప్రే కొట్టి పెట్టారు. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. రంగు కింద ఆయిల్ మరక ఉందో, పగులు ఉందో ఎలా తెలుస్తుంది? లోపల ఏం మార్చారు అని అడిగితే, "అంతా మార్చినం అన్నా, తీస్కపో" అన్నాడు. ఏ సీల్, ఏ బేరింగ్ అని మళ్లీ అడిగితే చాయ్ తాగుతావా అన్నాడు. చాయ్ తాగి బయటికొచ్చాం. రీకండిషన్ చేసేవాళ్లందరూ అట్లాంటోళ్లే అనను. ఏం మార్చారో బిల్లు మీద రాసిచ్చేవాళ్లు దొరికితే నేను దానికే ఓటేస్తా.

ఇప్పుడు ఈ పాతదాన్ని ఎలా చూసి తీసుకున్నామో చూపిస్తా. కెమెరా కొంచెం దగ్గరికి.

మొదట స్టిక్కర్. డెన్సో, సుబ్రోస్, సాండెన్, హానన్, ఏ కంపెనీదైనా బాడీ మీద పార్ట్ నంబర్ ఉంటుంది. మీ పాతదాని ఫొటో ఫోన్‌లో పెట్టుకుని పోండి, వీలైతే పాతదే సంచిలో వేసుకుని పోండి. ఒకే మోడల్ కారులో కూడా సంవత్సరాన్ని బట్టి, పెట్రోల్ డీజిల్‌ని బట్టి కంప్రెసర్ మారుతుంది. బోల్టు చెవులు ఎక్కడున్నాయి, పైపు నోళ్లు ఎటు తిరిగి ఉన్నాయి, పుల్లీకి బెల్టు గాడులు ఎన్ని, కనెక్టర్ ఏది, అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

తర్వాత ఈ రెండు నోళ్లు. వీటికి ప్లాస్టిక్ మూతలు ఉన్నాయి చూశారా? మేము కొన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. లోపలి పీఏజీ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నోళ్లు తెరిచి వానలో, ఎండలో ఆరుబయట పడేసిన కంప్రెసర్ లోపల నీరు చేరుతుంది, తుప్పు పడుతుంది, గ్యాస్‌తో కలిసి యాసిడ్‌లా తయారవుతుంది. షాపులో కుప్పగా పోసిన వాటిలో మూత లేనివే ఎక్కువ. అవి ఫ్రీగా ఇచ్చినా వద్దు.

ఇప్పుడు తిప్పడం. చాలామంది ఈ బయటి పుల్లీని గిర్రున తిప్పి "ఫ్రీగా ఉంది" అంటారు. దాంతో తెలిసేది బేరింగ్ సంగతి ఒక్కటే. లోపలి పంప్ తిరగాలంటే ముందున్న ఈ ప్లేట్‌ని తిప్పాలి. ఇదిగో, కొంచెం బరువుగా, ఒకే తీరుగా తిరుగుతోంది. ఎక్కడా పట్టేయట్లేదు, కరకర లేదు. మరీ వదులుగా బొంగరంలా తిరిగినా అనుమానించాలి. ఇప్పుడు డిశ్చార్జ్, అంటే గ్యాస్ బయటికి పోయే నోటి మీద బొటనవేలు గట్టిగా పెట్టి తిప్పుతున్నా. వేలిని లోపల నుంచి గాలి తోస్తోంది. సక్షన్, అంటే గ్యాస్ లోపలికి వచ్చే వైపు పెడితే వేలిని లాగాలి. ఈ తోయడం, లాగడం లేకపోతే లోపల వాల్వులు పోయినట్టే.

కొన్ని కొత్త తరం బండ్లలో క్లచ్ ఉండదు, పుల్లీతో పాటు పంప్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, చల్లదనాన్ని కంట్రోల్ వాల్వ్ చూసుకుంటుంది. అలాంటి వాటికి వేలి పరీక్ష మీద ఆధారపడలేం. అవి బండిలోనే పనిచేస్తుండగా చూసి, మన ముందే విప్పించుకుంటే తప్ప నేను కొనను.

ఆయిల్ చూద్దాం. తలకిందులు చేసి తెల్ల గుడ్డ మీద వంచాం. లేత పసుపు. నల్లగా వచ్చినా, ఎండలో పెడితే వెండి మెరుపు కనిపించినా అక్కడే పెట్టేసి వచ్చేయండి. మల్టీమీటర్‌తో కాయిల్ చెక్ చేస్తే 3.6 ఓమ్స్ చూపించింది. 12 వోల్టుల కాయిల్‌కి మూడు నాలుగు దగ్గర ఉంటే బాగున్నట్టు. అసలు రీడింగే రాకపోతే తెగింది, సున్నా దగ్గరుంటే షార్ట్. షాపులో బ్యాటరీ అడిగి వైర్లు తగిలించండి, టక్ మని ప్లేట్ అతుక్కోవాలి.

బిల్లు దగ్గర గొడవ ఉంటుంది, ముందే చెప్తున్నా. వాళ్లిచ్చేది చెకింగ్ వారంటీ. బిగించాక పని చేయకపోతే వేరేది ఇస్తారు. మార్చిస్తారు కదా, ఇంకేం అనుకుంటాం. కానీ మీరు ఎక్కించిన గ్యాస్, డ్రయ్యర్, ఆయిల్, మెకానిక్ కూలీ ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. మాకు బిగింపు ఖర్చే నాలుగున్నర వేలు అయింది, దాదాపు కంప్రెసర్ ధర అంత. ఒక్కసారి ఫెయిలైతే ఆ ఖర్చు మళ్లీ పెట్టాలి, అక్కడికి కొత్తదాని ధరకు దగ్గరికి పోతారు. సెకండ్ హ్యాండ్‌లో అసలు రిస్క్ ఇదే. బిల్లు మీద పార్ట్ నంబర్, తేదీ, షాపు సంతకం రాయించుకోండి. బిల్లు ఇవ్వనంటే కొనకండి, అది దొంగ బండిలోంచి వచ్చిన మాల్ అయితే తలనొప్పి మీకే.

షెడ్‌లో జరిగినదాంట్లో మూడు విషయాలు చెప్పాలి. పాత కంప్రెసర్ ఆయిల్‌ని కొలత గ్లాసులో పోసి చూసి, దాన్ని బట్టి కొత్త ఆయిల్ పోశాం. ఏ నంబర్ ఆయిల్ అన్నది బాడీ స్టిక్కర్ మీదే ఉంటుంది. డబ్బాలో ఉన్నదంతా పోసేస్తే కూలింగ్ తగ్గుతుంది. పోశాక ముందు ప్లేట్‌ని చేత్తో చాలాసార్లు తిప్పాలి. సిలిండర్‌లో ఆయిల్ నిలిచి ఉండగా ఒక్కసారిగా ఇంజిన్ తిప్పితే వాల్వులు విరుగుతాయి. డ్రయ్యర్, ఓ-రింగ్‌లు కొత్తవి వేశాం, ఇందులో బేరం లేదు.

రెండోది వాక్యూమ్, అంటే గ్యాస్ ఎక్కించే ముందు మెషిన్‌తో లైన్‌లోని గాలి, తేమ లాగేయడం. "పది నిమిషాలు చాలన్నా" అన్నాడు కుర్రాడు. ముప్పావు గంట పెట్టమని కూర్చున్నాం. తర్వాత మెషిన్ ఆపి, గేజ్ ముల్లు కదలకుండా ఉందో లేదో చూశాం. కదిలితే లీక్ ఉన్నట్టే.

మూడోది గ్యాస్. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, అంతే తూచి ఎక్కించాలి. గేజ్ చూసి అందాజుగా ఎక్కించడం మన దగ్గర అలవాటు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, 40 డిగ్రీల వేడిలో ఆర్134ఏ గ్యాస్ సుమారు 133 పీఎస్ఐ ప్రెషర్ చూపిస్తుంది. లోపల కొంత ద్రవం మిగిలి ఉన్నంతవరకు, గ్యాస్ సగమే ఉన్నా, నిండా ఉన్నా అదే అంకె. అందుకే తూకం కావాలి. ఇక కొత్త మోడల్ కార్లలో ఆర్1234వైఎఫ్ ఉంటే దాని గ్యాస్ వేరు, ఆర్134ఏ దాంట్లో ఎక్కించకూడదు.

ఫలితం. మే నెల మధ్యాహ్నం, బయట 43 డిగ్రీలు, రీసర్క్యులేషన్ (కారు లోపలి గాలే తిరిగే బటన్) ఆన్. హైవే మీద వెంట్‌లో థర్మామీటర్ పెడితే 9 చూపించింది. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే 15కి ఎక్కింది. కొత్త కంప్రెసర్ అయితే ఇంకో డిగ్రీ రెండు తగ్గేదేమో, కానీ వెనక సీట్లో అమ్మమ్మ "ఏసీ తగ్గించురా, చలి" అన్నది, నాకది చాలు. ఏసీ ఆన్ చేసి ఆగినప్పుడు సన్నగా గుయ్ మనే శబ్దం ఉంది. బేరింగ్ కొంచెం అరిగిందన్నమాట. ఇప్పటికైతే పెరగలేదు.

మార్కులు అడిగితే పదికి ఆరున్నర. శబ్దానికి కొంత కోత, ఆ వారంటీకి ఎక్కువ కోత.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల వాళ్లు ఈ వీడియో చూసి ఆటోనగర్ బయల్దేరకండి. మీ కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది, దాని ఆయిల్ పీఓఈ రకం. మామూలు పీఏజీ ఆయిల్ కలిస్తే కరెంటు లీకవుతుంది. మామూలు షెడ్‌లో దాన్ని ముట్టనివ్వకండి.

కామెంట్‌లో బండి మోడల్, ఏ సంవత్సరం, పాత కంప్రెసర్ ఏమైందో రాయండి, తెలిసినంత చెప్తా. "అన్నా, ఎంత?" అని ఒక్క ముక్క రాస్తే మాత్రం నేనేం చెప్పలేను.