వెన్ను చూపి గెలిచినవాళ్ళు

అందరికీ నమస్కారం.

ఇప్పుడే మనమంతా కలిసి ‘300: రైజ్ ఆఫ్ యాన్ ఎంపైర్’ చూశాం. చివరి యుద్ధంలో ఏథెన్స్ సేనాని థెమిస్టొక్లీస్ గుర్రమెక్కి, మంటల మధ్య ఓడల మీదుగా దూకిస్తూ పర్షియన్ నౌకాదళాన్ని నడిపే ఆర్టెమిసియా మీదికి వెళ్ళే ఘట్టం రాగానే హాల్లో ఈలలు పడ్డాయి. నేనూ కన్నార్పకుండా చూశాను. అయితే ఆ గుర్రం డెక్కలు తాకిన చెక్కల కింద ఒక్కో ఓడలో 170 మంది కూర్చుని తెడ్లు వేస్తుంటారు. ఈ సాయంత్రం నేను వాళ్ళ గురించి మాట్లాడదామని వచ్చాను.

సినిమా సంగతి కొంచెం చెప్పుకుందాం. ఇది 2014లో వచ్చింది. మొదటి ‘300’కి జాక్ స్నైడర్ దర్శకుడు. దీనికి నోమ్ ముర్రో దర్శకత్వం వహించాడు, స్నైడర్ రచనలో, నిర్మాణంలో ఉన్నాడు. సీక్వెల్ అన్నారు కానీ కథ చాలావరకు మొదటి సినిమాతో పాటే నడుస్తుంది. క్రీ.పూ. 480లో థర్మోపిలే కనుమలో స్పార్టా రాజు లియొనిడాస్ పర్షియన్లతో పోరాడుతున్న రోజుల్లోనే, ఆ పక్క సముద్రంలో ఆర్టెమిసియం అనే తీరం దగ్గర గ్రీకు నౌకాదళం పర్షియన్ నౌకాదళాన్ని అడ్డుకుంటోంది. నేల మీది కథ చెప్పాక నీటి మీది కథ చెప్పాలనుకోవడం మంచి ఆలోచన. చిత్రీకరణ ఎక్కువగా బల్గేరియాలో, స్టూడియోలో జరిగింది. అయినా ఆ నల్లటి కెరటాలు, సీసం రంగు ఆకాశం చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆర్టెమిసియాగా ఇవా గ్రీన్ ఈ సినిమాకి ప్రాణం పోసింది.

చరిత్ర దారి తప్పిన చోట్లు చాలా ఉన్నాయి. సినిమాలో, అంతకు పదేళ్ళ ముందటి మారథాన్ యుద్ధంలో థెమిస్టొక్లీస్ వేసిన బాణం పర్షియా రాజు డేరియస్‌కి తగులుతుంది. నిజానికి డేరియస్ మారథాన్‌కి రానేలేదు, నాలుగేళ్ళ తర్వాత, క్రీ.పూ. 486లో చనిపోయాడు. డేరియస్ కొడుకు, తర్వాతి రాజు జెర్క్సీస్‌ని గుండుతో, ఒళ్ళంతా బంగారు గొలుసులతో చూపించారు. పర్షియన్ల రాజనగరం పెర్సెపోలిస్ రాతి చెక్కడాల్లో పర్షియన్ రాజులకి నిండుగా గడ్డాలుంటాయి. మొదటి సినిమా వచ్చినప్పుడు ఇరాన్‌లో జనం నొచ్చుకున్నారంటే అందులో న్యాయం ఉంది. వీటి మీద ఎక్కువసేపు ఆగను. నన్ను ఎక్కువగా బాధపెట్టిన తప్పు ఇంకొకటి ఉంది.

వాళ్ళు తెడ్లు వేసిన ఆ ఓడ పేరు ట్రైరీమ్. మూడు వరసల తెడ్ల ఓడ. పై వరసలో 62 మంది, మధ్యలో 54, అడుగున 54. మొత్తం 170. పైన నిలబడి యుద్ధం చేసే సైనికులు చాలా కొద్దిమంది. సినిమాలో చివరి యుద్ధం జరిగే సలామిస్‌లో ఏథెన్స్ ఓడ ఒక్కోదాని మీద 14 మంది కాలిబంట్లు, నలుగురు విలుకాళ్ళు ఉన్నారని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. సినిమా అంతా ఈ 18 మంది కథే. మిగతావాళ్ళు కెమెరా కంటికి ఆనరు.

ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. తెడ్డు వేసేవాడు ఓడ వెనక భాగం వైపు తిరిగి కూర్చుంటాడు. అంటే ఓడ శత్రువు మీదికి దూసుకెళ్తున్నప్పుడు అతని వీపు శత్రువు వైపు ఉంటుంది. మన భాషలో వెన్ను చూపడం అంటే పారిపోవడం. వీళ్ళు వెన్ను చూపిస్తూ ముందుకి వెళ్ళారు. అడుగు వరసవాడికి సముద్రం కూడా సరిగ్గా కనపడదు. పైవాడి చెమట మీద కారుతుంటుంది. పిల్లనగ్రోవి లాంటి ఆలోస్ ఊదేవాడు ఒకడు లయ ఇస్తుంటాడు. ఎదురుగా ఏముందో, ఎప్పుడు గుద్దుకుంటామో తెలియదు. తెలిసేది పాట ఒక్కటే. మన గోదావరి మీద హైలెస్సా ఉన్నట్టే వాళ్ళకీ ఒక కేక ఉండేది: ‘రుప్పపాయ్’. ఏథెన్స్ హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ నాటకంలో అది దొరుకుతుంది. నాకు ఆ మాట మొదటిసారి కనబడినప్పుడు పైకే రెండుమూడుసార్లు అనుకున్నాను. తెడ్డు లాగే ఊపు ఆ అక్షరాల్లోనే ఉంది.

ఓడే వాళ్ళ ఆయుధం. ముక్కుకి కంచు పోటు బిగించి ఉంటుంది. దాంతో శత్రువు ఓడ పక్కటెముకల్లో పొడవాలి, వెంటనే వెనక్కి లాగేయాలి. లాగడం ఆలస్యమైతే రెండూ చిక్కుకుపోతాయి. 170 తెడ్లు ఒకేసారి పడాలి, ఒకేసారి వెనక్కి తిరగాలి. గ్రీసులో 1987లో ‘ఒలింపియాస్’ అనే ట్రైరీమ్‌ని పాత ఆధారాలతో మళ్ళీ కట్టారు. దాదాపు 37 మీటర్ల పొడవు. మామూలు మనుషులే తెడ్లు వేసి దాన్ని 9 నాట్ల వేగానికి, అంటే గంటకి దాదాపు 17 కిలోమీటర్లకి తీసుకెళ్ళారు. అంత వేగం రావాలంటే బలం ఒక్కటే చాలదు, పక్కవాడి ఊపిరితో మన ఊపిరి కలవాలి. కొరడా దెబ్బలకి అది వస్తుందని నేను నమ్మను.

ఈ సంగతి సినిమాల వల్ల మనకి తారుమారుగా అలవాటైంది. పాతకాలపు ఓడ అనగానే గొలుసులు, బానిసలు గుర్తొస్తారు. ఏథెన్స్ ఓడల్లో తెడ్డు వేసినవాళ్ళలో ఎక్కువమంది స్వతంత్రులైన పౌరులు. థీట్స్ అనేవారు వాళ్ళని. కవచం, డాలు కొనుక్కునే స్తోమత లేని కూలీలు, చిన్న పనివాళ్ళు. కింద వేసుకునే మెత్త భుజాన వేసుకుని ఓడెక్కేవాళ్ళు.

వాళ్ళకి ఆ ఓడలు ఎక్కడివి? క్రీ.పూ. 483 ప్రాంతంలో ఏథెన్స్‌కి దగ్గర్లో, లౌరియన్ గనుల్లో వెండి పెద్ద ఎత్తున దొరికింది. మనిషికి పది డ్రాక్మాల (వెండి నాణేల) చొప్పున పంచేద్దామన్నారు. పంచొద్దు, ఓడలు కడదామన్నాడు థెమిస్టొక్లీస్. చేతికొచ్చే డబ్బు వద్దనుకోమని పేదవాళ్ళని ఒప్పించడం ఎంత కష్టమో మనకి తెలుసు. వాళ్ళు ఒప్పుకున్నారు. తర్వాత ఆ ఓడల్లో తెడ్డు వేసిందీ వాళ్ళే. నా దృష్టిలో థెమిస్టొక్లీస్ చేసిన అసలు సాహసం ఇదే. సినిమాకి ఇది పనికిరాలేదు. నిండు సభలో ఒక మనిషి లేచి, వెండి పంచుకోవద్దని చెప్పే ఘట్టం తీసి ఉంటే, గుర్రం దూకుడు కంటే ఎక్కువ టెన్షన్ పుట్టేది.

సలామిస్ దగ్గర గెలుపు ఎలా వచ్చిందో చూడండి. థెమిస్టొక్లీస్ తన నమ్మకస్తుడు సికిన్నస్ అనే సేవకుణ్ణి రహస్యంగా పర్షియన్ల దగ్గరికి పంపాడు. గ్రీకులు ఈ రాత్రే పారిపోతున్నారని చెప్పించాడు. వాళ్ళు నమ్మారు. దారులు మూసేయడానికి రాత్రంతా ఓడలు తిప్పుతూనే ఉన్నారు. తెల్లవారేసరికి ఒకపక్క రాత్రంతా తెడ్డు వేసి రెక్కలు పడిపోయినవాళ్ళు, ఇంకోపక్క నిద్రలేచి ఓడెక్కినవాళ్ళు. పైగా ఇరుకు జలసంధి. కొండ మీద సింహాసనం వేయించుకుని జెర్క్సీస్ చూస్తూ ఉన్నాడు. ముందువరస ఓడలు వెనక్కి తిరగబోతే వెనకవరస వచ్చి గుద్దింది. కత్తుల దాకా రాకముందే, భుజాల అలసట దగ్గరే ఈ యుద్ధం చాలావరకు తేలిపోయింది.

ఇక ఆర్టెమిసియా. సినిమాలో ఆమె గ్రీకుల చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకుని, పగతో మొత్తం నౌకాదళాన్ని నడిపి, చివరికి థెమిస్టొక్లీస్ కత్తికి బలవుతుంది. నిజమైన ఆర్టెమిసియా హాలికర్నాసస్ రాణి. ఇప్పటి టర్కీలో బోడ్రుమ్ అంటారు. ఈ యుద్ధాల కథ రాసిన చరిత్రకారుడు హెరొడోటస్ సొంతూరు కూడా అదే. ఆయన రాతల్లో ఆమె పట్ల గౌరవం స్పష్టంగా కనిపిస్తుంది. భర్త పోయాక తనే పాలించింది. రావాల్సిన బలవంతం లేకపోయినా ధైర్యంతో ఐదు ఓడలు తీసుకుని వచ్చింది. జెర్క్సీస్ సలహా అడిగితే అందరూ యుద్ధమే అన్నారు. ఆమె ఒక్కతే, ఓడలు కాపాడుకో, సముద్రం మీద యుద్ధం వద్దు, ఆగితే గ్రీకులే చెల్లాచెదురవుతారు అని చెప్పింది. రాజు మెచ్చుకున్నాడు, వినలేదు.

యుద్ధంలో ఏథెన్స్ ఓడ తరుముతుంటే ఆమె తన పక్షానిదే అయిన, కలిండా అనే ఊరి రాజు ఓడని గుద్ది ముంచేసింది. తరిమేవాడు ఆమెని తనవైపు ఓడ అనుకుని వదిలేశాడు. దూరం నుంచి చూసిన జెర్క్సీస్ శత్రువుని ముంచిందనుకుని, నా మగవాళ్ళు ఆడవాళ్ళయ్యారు, ఆడవాళ్ళు మగవాళ్ళయ్యారు అన్నాడట. ఆ మునిగిన ఓడలోంచి ఒక్కడూ బతికి బయటపడలేదు, అందుకే ఆమె మీద నేరం మోపేవాళ్ళు లేకపోయారని హెరొడోటస్ రాశాడు. అందరూ ఆమె తెలివి దగ్గర ఆగుతారు. నాకు ఆ ఓడలో తెడ్డు పట్టుకున్నవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళ వీపు ఎటుందో, దెబ్బ ఎటునుంచి వచ్చిందో వాళ్ళకి తెలిసే అవకాశమే లేదు.

ఈ సినిమాలో ఎస్కిలస్ అనే యోధుడు కూడా ఉన్నాడు, గమనించారా? ఆయన నిజంగా ఉన్న మనిషి, గొప్ప నాటకకర్త. సలామిస్ జరిగిన ఎనిమిదేళ్ళకి, క్రీ.పూ. 472లో, ‘పర్షియన్లు’ అనే నాటకం వేశాడు. కథ జరిగేది పర్షియా రాజధాని సూసాలో. కొడుకు కోసం ఎదురుచూసే రాజమాత, కబురు తెచ్చే దూత, ఏడ్చే ముసలివాళ్ళు. నాటకం మొత్తం మీద ఒక్క గ్రీకువీరుడి పేరూ రాదు. థెమిస్టొక్లీస్ పేరు కూడా లేదు. ప్రేక్షకుల్లో ఆ రోజు తెడ్డు వేసినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. తమ తెడ్ల చప్పుడు గురించి దూత చెబుతుంటే, శత్రువుల ఇంట్లో ఏడుపు వింటూ కూర్చున్నారు. అంత పెద్ద మనసుతో ఓడిపోయినవాళ్ళ వైపు నుంచి చూసిన యుద్ధ కథలు ఎన్ని ఉంటాయి?

ఆ తర్వాత కాలంలో పేరు చెప్పని ఒక రచయిత, ప్రజాస్వామ్యం అంటే బొత్తిగా గిట్టనివాడు, ఏథెన్స్ గురించి రాస్తూ ఒకటి ఒప్పుకున్నాడు: పేదవాళ్ళకి అక్కడ ఎక్కువ అధికారం ఉండటం న్యాయమే, ఎందుకంటే ఓడలు నడిపేది వాళ్ళే అని.

ప్రొజెక్టర్ దగ్గరున్న తమ్ముడు చివరి యుద్ధాన్ని ఇంకోసారి వేస్తానన్నాడు, ఐదు నిమిషాలు. మీరు ఈసారి గుర్రాన్ని వదిలేసి ఓడల పక్కలు చూడండి. రంధ్రాల్లోంచి తెడ్లు బయటికి వచ్చి ఉంటాయి. లైట్లు ఆపండమ్మా.