మందు డబ్బా కన్నా ముందు చాకు

అందరికీ నమస్కారం.

ఆకు పసుపు పచ్చబడితే చాలు, మన చెయ్యి మందు డబ్బా మీదకు పోతుంది. పప్పుజాతి పంటలు వేసేవాళ్లను నేను కోరేది ఒక్కటే. ముందు ఒక మొక్కను వేరుతో సహా పీకండి, మొదలును చాకుతో నిలువునా చీల్చండి.

కంది సంగతే చూడండి. పూత, కాయ దశలో నేలలో తేమ ఉన్నా మొక్క వడలిపోతుంటే ఎండు తెగులేమోనని అనుమానించాలి. కాండం మీద మొదలు నుంచి పైకి ఊదారంగు చార ఉంటుంది. చీలిస్తే లోపల నీరు పారే నాళాలు నల్లబడి కనిపిస్తాయి. ఫ్యుజేరియం ఉడం అనే శిలీంద్రం వేరులోంచి ఎక్కి ఆ దారులు మూసేస్తుంది. ఆకుల మీద ఎంత పిచికారీ చేసినా అది అందదు. పాత మోళ్లలో అది సుమారు 3 ఏళ్లు బతికి ఉంటుంది. అందుకే చేయాల్సిందంతా విత్తే ముందే: జొన్నతో పంట మార్పిడి, తట్టుకునే రకం, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రంతో విత్తన శుద్ధి.

కందిలోనే నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం గొడ్డుమోతు తెగులు. మొక్క చావదు. చిన్న ఆకులతో, గుబురుగా, లేత పచ్చగా నిలబడుతుంది. దూరం నుంచి చూస్తే ముచ్చటేస్తుంది, దగ్గరికెళ్తే పూతే ఉండదు. ఇది వైరస్. కంటికి ఆనని నల్లి గాలికి కొట్టుకొచ్చి అంటిస్తుంది. ఆ పచ్చదనం చూసి మనసొప్పక వదిలేయకండి, తొలి దశలోనే పీకేయండి. నిరుటి మోళ్లు చిగురిస్తే వాటినీ తీసేయాలి, నల్లి కాచుకుని ఉండేది అక్కడే.

పెసర, మినుములో ఆకులు పసుపు పచ్చబడే పల్లాకు తెగులు కూడా వైరస్సే, తెచ్చేది తెల్లదోమ. శిలీంద్రనాశిని కొడితే డబ్బు పోతుంది గానీ తెగులు పోదు.

శనగ వడలితే వేరు చూడండి. పైకి బాగుండి లోపల నల్లటి చార ఉంటే ఎండు తెగులు. పిల్లవేర్లు రాలిపోయి, తల్లివేరు పుటుక్కున విరిగితే ఎండు వేరు కుళ్లు. వేడి, బెట్ట కలిసినప్పుడు ఇది విజృంభిస్తుంది.

వేరుశనగలో ఆకు తిప్పి చూడాలి. తిక్కా అనే ఆకుమచ్చ తెగులు రెండు రకాలు. ముందు వచ్చే తిక్కా మచ్చ చుట్టూ పైవైపు పసుపు వలయం ఉంటుంది. ఆలస్యంగా వచ్చేది అడుగున నల్లగా ఉంటుంది. తుప్పు అయితే అడుగున నారింజ రంగు పొక్కులు, రుద్దితే వేలికి పొడి అంటుతుంది. ఈ మూడింటికీ శిలీంద్రనాశిని పనిచేస్తుంది, మచ్చలు కొద్దిగా ఉన్నప్పుడే మొదలుపెడితే.

ఈ బల్ల మీద జబ్బు మొక్కలు పెట్టాం, పేర్లు రాయలేదు. చాకులు పక్కనే ఉన్నాయి, రండి.