నొప్పి మాత్రల లెక్క

డాక్టర్: చెప్పమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: ఎర్రగుంట్ల దగ్గర పల్లె సార్. మా ఆయన నాపరాయి గనిలో పని చేస్తాడు, రాళ్లు ఎత్తీ దించీ నడుము పట్టేస్తుంది, రెండేళ్లుగా మాత్ర మింగందే పనికి పోడు. ఇప్పుడేమో కాళ్లు వాచినాయి, మూత్రం సరిగ్గా రాదంటాడు.

డాక్టర్: ఏం మాత్ర? అట్ట చదువమ్మా.

కాలర్: షాపాయన కత్తిరించి ఇస్తాడు, పేరున్న ముక్క ఎప్పుడూ ఆయన దగ్గరే... ఆఁ, ఒకదాని మీద ఉంది. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ 325. మూడు పూటలా. ఒళ్లు కాలితే డోలో 650 వేరే, నాలుగు దాకా.

డాక్టర్: ఆగు, లెక్కేద్దాం. మూడు 325లు 975, నాలుగు 650లు 2600, మొత్తం 3575 మిల్లీగ్రాముల పారాసెటమాల్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే రోజుకు 4000 దాటకూడదు. మీరు రెండు మందులనుకున్నారు, డోలోలో ఉన్నదీ అదే పారాసెటమాల్. మందు తాగుతాడా?

కాలర్: సాయంత్రం కొంచెం... ఒళ్లు నొప్పులకే సార్.

డాక్టర్: అందరూ ఆ మాటే చెప్తారులే. పారాసెటమాల్ లివర్‌లో అరిగేటప్పుడు కొంచెం విషం పుడుతుంది, దాన్ని లివరే విరిచేస్తుంది, కానీ రోజూ తాగి, అన్నం సరిగ్గా తినకపోతే ఆ శక్తి తగ్గిపోతుంది.

యాంకర్: మరి కిడ్నీ సార్?

డాక్టర్: అది ఎసిక్లోఫెనాక్ పని, అదే మాత్రలో ఉన్న రెండో నొప్పి మందు. కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. కడప ఎండలో చెమట కారి, నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు ఇది పడితే కిడ్నీ ఎంత తట్టుకుంటుంది చెప్పు? బీపీ మాత్ర ఉందా అమ్మా?

కాలర్: ఉంది సార్. కళ్లు కూడా పచ్చగా ఉన్నాయి, మా అత్త పసరు పోయిద్దామంటోంది.

డాక్టర్: వద్దమ్మా, పసరు అసలు వద్దు! నొప్పి మాత్ర ఒక్కటి కూడా ఇవ్వొద్దు, సాయంత్రం తాగే మందు ముట్టనివ్వొద్దు. బీపీ మాత్ర సంగతి అక్కడి డాక్టరు చెప్తాడు, మీ అంతట మీరు ఆపొద్దు. రేపు అనుకోకుండా ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకుపో, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష, లివర్ పరీక్షలు చేయిస్తారు.

కాలర్: ఇవాళ పోతే కూలి పోతుంది సార్.

డాక్టర్: తెలుసమ్మా. అయినా పోవాలి.

కాలర్: ఈ అట్టలు తేవాలా?

డాక్టర్: అన్నీ, కత్తిరించిన ముక్కలతో సహా. పేర్లు షాపాయనతోనే రాయించుకో.

యాంకర్: తర్వాతి కాల్ ప్రొద్దుటూరు నుంచి, మోకాళ్ల నొప్పులట సార్.