ఫలితాల వేళ వెబ్‌సైటు పడిపోకుండా నిలబెట్టడం ఎలా?

నమస్కారం. ఇంటర్ ఫలితాలు వెలువడే రోజున, ప్రకటించిన సమయం కాగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షలాది ఇళ్లలో ఒకేసారి ఫోన్లు చేతికి వస్తాయి. విద్యార్థి ఒక్కరే చూడరు. అమ్మానాన్నలు, మేనమామ, పక్కింటివారు, కాలేజీ లెక్చరరు కూడా అదే హాల్‌టికెట్ నంబరు కొడతారు. ఆ క్షణంలో తెల్లటి తెర మీద, సైటు ఇప్పుడు జవాబు ఇవ్వలేకపోతోందని చెప్పే 503 అనే అంకె కనిపిస్తే ఆ ఇంట్లో ఎంత ఆందోళన మొదలవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అటువంటి సైటును ఆ గంటలో ఎలా నిలబెట్టాలో ఈ వీడియోలో చూపిస్తాను.

ముందుగా నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఫలితాలు చూపే ఒక సైటు నిర్వహణలో నేనూ పనిచేశాను. రద్దీ ఉంటుందని తెలుసు కాబట్టి పెద్ద సర్వరునే అద్దెకు తీసుకున్నాం. అయినా ఫలితాలు విడుదలైన రెండో నిమిషానికే సైటు ఆగిపోయింది. ప్రాసెసరు మీద భారం ఇరవై శాతం కూడా లేదు, మెమరీ సగం ఖాళీగా ఉంది. సర్వరులో జరిగేవన్నీ నమోదయ్యే లాగ్ ఫైలు తెరిస్తే "టూ మెనీ కనెక్షన్స్" అన్న ఒకే వాక్యం వరుసగా పేజీలకు పేజీలు కనిపించింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు, మనం మార్చకపోతే, ఒకేసారి 151 కనెక్షన్లను మాత్రమే అనుమతిస్తుంది. ఆ ఒక్క సంఖ్యను మాలో ఎవరమూ సరిచూసుకోలేదు.

తెర మీద ఉన్న లెక్క చూడండి. ఒక ఫలితాన్ని వెతికి ఇవ్వడానికి డేటాబేసుకు 0.4 సెకన్లు పడుతుందనుకుంటే, 151 కనెక్షన్లతో సెకనుకు సుమారు 377 మందికి మాత్రమే సమాధానం ఇవ్వగలం. భారం పెరిగి అదే పనికి 2 సెకన్లు పడితే ఆ సంఖ్య 75కు పడిపోతుంది. అంటే జనం ఎక్కువైనప్పుడే సైటు సామర్థ్యం తగ్గుతుంది. పేజీ రాని మనిషి ఊరికే కూర్చోడు, రిఫ్రెష్ నొక్కుతూనే ఉంటాడు. అతని పాత రిక్వెస్టు లోపల నడుస్తుండగానే కొత్తది వచ్చి చేరుతుంది. కనెక్షన్ల పరిమితిని వెయ్యికి పెంచితే సరిపోదా అని మీరు అడగవచ్చు. కొంతవరకు పనిచేస్తుంది, కానీ ప్రతి కనెక్షనూ మెమరీని తింటుంది, అన్నీ కలిసి అదే డిస్కు కోసం పోటీ పడతాయి. ఆటోస్కేలింగ్, అంటే రద్దీని బట్టి సర్వర్లను తనంతట తానే పెంచే ఏర్పాటు, పెట్టినా కొత్త సర్వరు లేచి పని అందుకోవడానికి నిమిషాలు పడుతుంది. మన రద్దీ మాత్రం సెకన్లలో వచ్చి మీద పడుతుంది.

అందువల్ల నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: వచ్చే సమయం ముందే తెలిసిన రద్దీకి, చేయవలసిన పనినంతా ఆ సమయానికి ముందే చేసి పెట్టుకోవాలి. ఫలితం ఒకసారి ప్రకటించాక ఆ రోజుకు మారదు. మారని దాని కోసం ప్రతిసారీ డేటాబేసును అడగడం ఎందుకు? ముందు రోజు రాత్రే ఒక్కో విద్యార్థికి ఒక్కో చిన్న ఫైలు తయారు చేయండి. ఒక్కోటి 2 కిలోబైట్లు అనుకుంటే, పది లక్షల మందికి మొత్తం సుమారు 2 గిగాబైట్లు అవుతుంది. అది ఒక మామూలు సర్వరు మెమరీలోనే ఇమిడిపోతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ వంటి సర్వరు ఇటువంటి ఫైళ్లను డేటాబేసుతో పని లేకుండా, ఎంతో వేగంగా అందిస్తుంది. ఫైలు పేరుగా హాల్‌టికెట్ నంబరును మాత్రం పెట్టకండి. వరుస సంఖ్యలు కాబట్టి ఎవరైనా పక్కవారి మార్కులన్నీ దించుకోగలరు. నంబరుకు పుట్టిన తేదీని జోడించి, ఆ రెండింటి నుంచి హ్యాష్, అంటే లెక్క కట్టి తీసిన గజిబిజి అక్షరాల వరుస, తీసి పేరు పెట్టండి.

తరువాత ఆ ఫైళ్ల ముందు ఒక సీడీఎన్‌ను, అంటే మన ఫైళ్ల ప్రతులను వేర్వేరు నగరాల్లో దాచి అందించే సర్వర్ల వలయాన్ని, నిలబెట్టాలి. క్లౌడ్‌ఫ్లేర్, అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్ వంటి వాటికి హైదరాబాద్, చెన్నై, ముంబై నగరాల్లోనే సర్వర్లు ఉన్నాయి. ఒకే ఫలితాన్ని ఇంట్లో నలుగురూ తెరిచినా, దగ్గరి నగరంలోని సర్వరే తన దగ్గరున్న ప్రతిని ఇస్తుంది, మన సర్వరు దాకా రానివ్వదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. క్లౌడ్‌ఫ్లేర్ తనంతట తానుగా చిత్రాలు, స్టైల్ ఫైళ్లు వంటి వాటినే దాచుకుంటుంది. హెచ్‌టీఎంఎల్ పేజీలను దాచుకోమని మనం ప్రత్యేకంగా నియమం రాయాలి. ఇప్పుడు, సర్వరు పంపే జవాబును ఉన్నదున్నట్టు చూపే కర్ల్ కమాండుతో నేను ఈ పేజీని రెండుసార్లు అడుగుతున్నాను. మొదటిసారి వచ్చిన జవాబులో "సీఎఫ్-క్యాష్-స్టేటస్" వరుసలో "మిస్" అని ఉంది, అంటే దాచిన ప్రతి లేదు; రెండోసారి "హిట్" అని వచ్చింది, అంటే దాచిన ప్రతే వచ్చింది. రెండోసారి కూడా హిట్ రాకపోతే, మీ పేజీ ప్రతి సందర్శకుడికీ ఒక కుకీ, అంటే అతన్ని గుర్తుపట్టే చిన్న చీటీ, పంపుతోందేమో ముందు చూడండి; అది ఉంటే సీడీఎన్ ఆ పేజీని దాచుకోకపోవచ్చు. ఫేస్‌బుక్‌లో పంచుకున్న లింకుల చివర చేరే "ఎఫ్‌బీక్లిడ్" తోక వల్ల కూడా ఒకే పేజీ వేర్వేరు పేజీలుగా లెక్కకు వస్తుంది. ఆ తోకను పట్టించుకోవద్దని సీడీఎన్‌కు చెప్పాలి.

ఇలా ముందే చేసి పెట్టుకోలేని పనులూ ఉంటాయి. టికెట్ల బుకింగు, దరఖాస్తులు, చెల్లింపులు అటువంటివి. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తులను కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి, లోపల ఖాళీ అయినకొద్దీ వదులుతారు కదా, ఇక్కడా అదే పద్ధతి కావాలి. సర్వరు భరించగలిగినంత మందినే లోపలికి పంపి, మిగిలినవారికి వరుసలో వారి స్థానం చూపే తేలికైన పేజీని సీడీఎన్ నుంచే ఇవ్వాలి. లాగిన్‌ను అందరి దారికీ అడ్డంగా పెట్టకూడదు. 2013 అక్టోబరు 1న అమెరికాలో ఆరోగ్య బీమా కోసం ప్రారంభించిన హెల్త్‌కేర్.గవ్ సైటులో, పథకాలను చూడాలన్నా ముందు ఖాతా తెరవవలసి వచ్చింది. ఖాతాలు తెరిచే భాగమే మూసుకుపోవడంతో, మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురే.

ఇక పరీక్ష. కృత్రిమ రద్దీ సృష్టించే కే6 గాని, జేమీటర్ గాని వాడి మీ సొంత సైటు మీద మాత్రమే భారం వేసి చూడండి. సంఖ్యను మెల్లగా పెంచుకుంటూ పోతే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సున్నా నుంచి ఒక్క సెకనులో వేలకు ఎగరనిస్తేనే నిజం తెలుస్తుంది.

చివరిగా విడుదల క్షణం. అది పదకొండు గంటలకు అనుకుందాం. పది గంటల నుంచే జనం పేజీని తెరుస్తుంటారు, అప్పటికి ఫైలు లేదు కాబట్టి, ఆ పేజీ లేదని చెప్పే 404 వెళ్తుంది, ఆ 404ను కూడా సీడీఎన్ కొన్ని నిమిషాలు దాచుకోగలదు. అప్పుడు పదకొండు గంటలకు ఫలితం వచ్చినా జనానికి పాత 404 కనిపిస్తూనే ఉంటుంది. ఆ జవాబుకు ఐదు సెకన్లకు మించి ఆయువు ఇవ్వకండి. పదకొండుకు ఒక నిమిషం ముందు మీ బృందంలో ఒకరిని ఆఫీసు వైఫై నుంచి బయటకు పంపి, మామూలు మొబైల్ డేటాతో, మామూలు ఫోనులో, ఒక హాల్‌టికెట్ నంబరు కొట్టి చూస్తూ ఉండమనండి.